దొమితీల అక్క విప్పిన వైరు

ఏమన్నావూ? ఇంకోసారి అను. ఆ చెవి పని చెయ్యదే, ఇటుపక్కకొచ్చి చెప్పు. గిటారు మెడ దగ్గరకి ఏ పికప్పు కొనాలనా? శుభ్రంగా, స్పష్టంగా పలకాలా? ఆ, అదీ, అలా అడుగు. ఏదీ, ఆ ఫోన్లో చూపించు. ఇదేవిటే, గోళ్ళరంగు సీసాల్లా ఎన్ని రకాలున్నాయి! దీని కిందేం రాశాడు, చదువు. అత్యధిక శక్తి అనా? మరి ఇది? ఇంకా ఎక్కువ శక్తా? మీ బ్యాండు కుర్రాళ్ళు ఇదే కొనమన్నారు కదూ. అంటారు, అనక ఏం చేస్తారు. ఈ పుకల్పా ఊళ్ళో యాభై ఏళ్ళుగా అందరిదీ అదే పాట. బలం, బలం, బలం. ఆ ఫోను లోపల పెట్టెయ్ నెయిదా. కూర్చో. అబ్బే, ఆ వల ఊయల్లో కాదు, తాడు పుచ్చిపోయింది, మొన్న మా కోడలు నడుం విరగ్గొట్టుకుంది. ఆ పెట్టె మీద కూర్చో. దొమితీల షుపింగావా అనే పేరు ఎప్పుడైనా విన్నావా? వినలేదూ. ఎలా వింటావులే. రికార్డు మీద ఆ పేరుంటే కదా వినడానికి.

పోయి నలభై ఏళ్ళ పైమాటే. పడవలు చెక్కే దామియానో కూతురు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, నేను అక్కా అనేవాణ్ణి. ఆ గిటారు కూడా వాళ్ళ నాన్న చెక్కిందే, దేవదారు చెక్క, వెనకాల పడవ అడుగులా కొంచెం గుండ్రంగా ఉండేది. రోసెందో బ్యాండులో వాయించేది. అప్పట్లో ఆడది కరెంటు గిటారు వాయించడమంటే ఏమనుకున్నావ్, రేవులో ఆడంగులు మొహమ్మీదే అనేవాళ్ళు, "దొమితీలా, గిటారుకి షాకు కొడితే మొగుడు దొరకడే" అని. ఆవిడ తక్కువ తిందా, "మొగుడు కొట్టే దానికన్నా తక్కువే కొడుతుందిలెండి" అనేది. నోరు అలాంటిది. మనిషి మాత్రం చీపురుపుల్ల. నేనేమో రేవు వీధిలో రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు నాకు. రేడియో చచ్చిపోతే దాని లోపలి రాగి వైరు, వెంట్రుక కన్నా సన్నంగా ఉంటుంది చూడు, అది విప్పి, అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పి, గిటారు తీగల కింద పెట్టే పికప్పులు చుట్టేవాణ్ణి. మా అమ్మ కుట్టుమిషను చక్రానికి తగిలించి తిప్పేవాణ్ణి. మా అమ్మ తిట్టేది, "గౌన్లు కుట్టాల్సిన మిషను మీద దెయ్యాల్ని చుడతావేంట్రా" అని. ఊళ్ళో ఎవడొచ్చినా ఒకటే మాట, ఇంకో రెండు వేల చుట్లు వెయ్యి అబ్దియాసూ, మోత సరిపోవట్లేదు అని. వేసేవాణ్ణి. నాకేం, అడిగింది చెయ్యడమే కదా అని. అందరం చేసిన తప్పు అదే తల్లీ. వైరు ఎక్కువైతే గొంతు పెరుగుతుంది, మాట పోతుంది. ఈ ముక్క నాకు చెప్పింది ఆవిడే.

వింటున్నావా? సరే. ఆవిడకి మొదట ఎనిమిది వేల చుట్లు చుట్టిచ్చా, మెడ దగ్గరకి. కొట్టులోనే కూర్చుని వాయించి చూసింది. అన్నిటికన్నా లావు తీగలు మూడూ కలిపి ఒక్క మీటు మీటింది. మొహం అదోలా పెట్టి, "తియ్యి" అంది. ఎంత తియ్యమంటావక్కా అన్నా. "నేను చాలనేదాకా తియ్యి" అంది. ఐదొందలు తీశా. మీటింది. తియ్యి. మళ్ళీ ఐదొందలు. తియ్యి. నాకు చిరాకొచ్చేసింది, "అక్కా, ఇంకా తీస్తే ఇది పిల్లి మూలిగినట్టుంటుంది, డ్యాన్సుకొచ్చిన జనానికి వినపడదు" అన్నా. అప్పుడంది, "ఈ మూడు తీగలూ కలిపి కొడితే నాకు ముగ్గురు మనుషులు వినపడాలి అబ్దియాసూ. నువ్విచ్చిన దాంట్లో గుంపు వినపడుతోంది" అని. ఆరు వేల రెండొందల దగ్గర ఆగింది. ఆ లెక్క ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తా. అయస్కాంతం కూడా అంతే, పెద్ద స్పీకర్లోది పెడతానంటే ఒద్దంది, పాత రేడియోలోంచి తీసిన నీరసపు ముక్కే కావాలంది. గట్టి అయస్కాంతమైతే తీగని తనవైపు లాక్కుంటుంది, ఆడనివ్వదు, స్వరం వణుకుతుంది. మరీ ముఖ్యంగా మెడ దగ్గర. అక్కడ తీగ బాగా ఊగుతుంది కదే. అటు చివర తీగలు ఆనే వంతెన చెక్క దగ్గర ఇంకో పికప్పుందే, అది పుట్టడమే కీచుగొంతుతో పుడుతుంది, దాన్ని ఎంత బలంగా చుట్టినా ఫరవాలేదు. మెడ దగ్గరది అలా కాదు. గుండ్రంగా, తియ్యగా పలికేదీ అక్కడే, స్వరాలు ముద్దయి బురదయ్యేదీ అక్కడే. నువ్వు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ఇహ రోసెందో. ఆయన గురించి చెప్పాలంటే మీసం నుంచి మొదలెట్టాలి, ఒద్దులే, మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఎప్పుడూ పక్కవాడి బ్యాండు కన్నా గట్టిగా వినపడాలన్న యావ. రిహార్సలుకి ముందే వచ్చి ఆవిడ గిటారు తీసి, ఆ పికప్పుకి రెండు పక్కలా మరలుంటాయి చూడు, అవి తిప్పి పికప్పుని తీగలకి ఆనుకునేలా పైకి లేపేసేవాడు. మోత పెరుగుతుందని. ఆవిడ వచ్చి గౌను జేబులోంచి ఒక నాణెం తీసి, ఆ మరల్ని కిందకి తిప్పేది. మళ్ళీ ఆయన లేపడం, మళ్ళీ ఈవిడ దించడం. మాకు నవ్వాగేది కాదు. ఒకసారి ఆ మరలకి జిగురు పూసేశాడు కదటే! ఈవిడ గోరుతో గీకి గీకి వదిలించి, అందరి ముందూ, "రోసెందో గారూ, మీసానికి పూసుకోవాల్సింది ఇక్కడ పూశారు" అంది. ఆయన మొహం మాడిపోయింది. అదే మనసులో పెట్టుకున్నాడనుకుంటా.

అప్పుడే రాజధాని లీమా నుంచి రికార్డుల ఆయన వస్తున్నాడని తెలిసింది. అర్బొలేదా అని. సాన్ హువాన్ పండగనాడు యారినా చెరువు దగ్గర మా బ్యాండు వింటాడట, నచ్చితే లీమా తీసుకెళ్ళి రికార్డు వేయిస్తాడట. ఊళ్ళో ఇక అదే ముచ్చట. ఆ రోజు వాయించే పాటల్లో అసలైనది ఆవిడ కట్టిందే. మాటల్లేని పాట, ఉత్త గిటారే, వరదకి తోటలు మునిగిపోయిన ఏడు కట్టింది. ఆ పాట రికార్డెక్కాలనేదే ఆవిడకున్న ఒకే ఒక్క ఆశ. నాతోనే అంది, "నేనెప్పుడో పోతాను అబ్దియాసూ, ఈ గిటారుకి చెద పడుతుంది, ఆ రికార్డు పళ్ళెం మీద మాత్రం అలాగే ఉంటుంది" అని. నాతో అంది చూడూ. నాతో.

పండగకి రెండ్రోజుల ముందు గిటారు నా కొట్లో ఇచ్చి వెళ్ళింది, లోపల తుప్పు తుడిచిపెట్టమని. మన గాలికి అన్నీ తుప్పే కదా. ఆ మధ్యాహ్నం రోసెందో వచ్చాడు. అగ్వాహే పళ్ళ షర్బత్తు పట్టుకొచ్చాడు నాకు. "అబ్దియాసూ, మీ అక్క మొండిది, కానీ మనందరి బతుకూ ఆవిడ మొండితనం మీద పెట్టలేం కదా. ఓ రెండు వేల చుట్లు వేసెయ్. మోత పెరిగితే ఆవిడే మురిసిపోతుంది. నిన్నూ లీమా తీసుకెళ్తాను, మా మెకానిక్కువి నువ్వే, ఆ స్టూడియో లోపల మిషన్లు నీ కళ్ళతో చూద్దువుగాని" అన్నాడు. స్టూడియో అనేసరికి నా మనసు జారిపోయిందమ్మా. నేనెప్పుడూ ఈ నది దాటి ఎరగను. ఒద్దు అనడానికి నోరు తెరిచా, తెరిచి షర్బత్తు తాగా. ఆయన వెళ్ళాక పికప్పు పైకి తీసి, బయటి కొస వదిలించి, దానికి కొత్త వైరు అతికించి రెండు వేల చుట్లూ వేసేశా. ఆవిడది నల్లబడ్డ గోధుమ రంగు వైరు. నా దగ్గర ఆవేళ ఉన్నది ఎర్రది. పైన గుడ్డ టేపు చుట్టేస్తే ఎవరికి కనపడుతుంది అనుకున్నా. తిట్టవే, తిట్టు, ఏం ఫరవాలేదు. మొహం అటు తిప్పుకోకు.

సాన్ హువాన్ రోజు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా. పొద్దున్నే ఊరంతా చెరువు ఒడ్డునే, ఎక్కడ చూసినా కోడికూరా అన్నం ఆకుల్లో మూటకట్టిన హువానేలు ఉడుకుతున్న కుండలు. పలకలతో వేదిక, పక్కన జనరేటరు. నేను జనరేటరు దగ్గర నించున్నా. అర్బొలేదా గారికి ముందు వరసలో కుర్చీ, తెల్ల బూట్లు, చేతిలో ఆకు విప్పిన హువానే. ఎండ నడినెత్తికొచ్చేసరికి మొదలెట్టారు. మొదటి పాటే ఆవిడది. నాలుగు స్వరాలు వాయించింది. ఆగిపోయింది. స్పీకరు పెట్టె వైపు చూసింది, మీట ఏదో తిప్పింది, మళ్ళీ మీటింది. బురద తల్లీ. మూడు తీగలూ ఒకదాని మీదొకటి పడి తొక్కుకున్నట్టుంది. వంతెన వైపు పికప్పుకి మార్చి చూసింది, అది బాగానే ఉంది. మళ్ళీ మెడ వైపు. బురద. రోసెందో పళ్ళ బిగువున, "వాయించు, ఆపకు, అద్భుతంగా ఉంది" అంటున్నాడు. జనం కూడా ఓహో అని అరుస్తున్నారు, వాళ్ళకేం, మోతగా ఉంది కదా. ఆవిడ ఏం చేసిందో తెలుసా? అక్కడే వేదిక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. తీగలు వదులు చేసింది. ఆ నాణెం తీసి మరలు విప్పి పికప్పుని బయటకి లాగింది. టేపు పీకి, వైరు కొస పట్టుకుని విప్పడం మొదలెట్టింది.

రెండు వేల చుట్లు! ఊరంతా చూస్తుండగా! ఎర్ర వైరు అలా జారి జారి ఆవిడ ఒళ్ళో కుప్ప పడుతోంది. ఒకడు అరిచాడు, "దొమితీలా, స్వెట్టరు విప్పుతున్నావా, మాకూ ఒకటి అల్లిపెట్టు" అని. ఇంకొకడు, "చేపలు పట్టడానికి గాలపు తాడా" అని. పిల్లలు చప్పట్లు. రోసెందో మొదట బతిమాలాడు, తర్వాత పళ్ళు నూరాడు, తర్వాత డప్పుల వాళ్ళని వాయించమన్నాడు, కాసేపు వాయించి వాళ్ళకీ చేతులు నొప్పెట్టి మానేశారు. ఆవిడ తలెత్తలేదు. అలా విప్పుతూ విప్పుతూ ఆగింది. ఎర్ర వైరు అయిపోయింది. రెండు వైర్లూ అతికిన చిన్న సీసం ముడి, ఆ ముడి అవతల గోధుమ రంగు వైరు. అప్పుడు తలెత్తింది. జనంలో ఎవర్నీ వెతకలేదు, సరాసరి నా వైపే చూసింది. ఆ ముడిని వేలికొస మీద పెట్టి కొంచెం పైకెత్తింది, నాకొక్కడికే కనపడేలా. ఏమైనా అంటుంది, అరుస్తుంది అనుకున్నా. "అబ్దియాసూ, ఇనప కడ్డీ వేడి చేసి పట్రా, ఇది అతకాలి" అంది, అంతే, మామూలుగా.

కడ్డీ కాల్చడానికి జనరేటరు నుంచి కరెంటు ఇవ్వనన్నాడు రోసెందో. పరిగెత్తి ఒక ముసలమ్మ హువానేల కుండ కింద నిప్పుల్లో కడ్డీ పెట్టా. ముసలమ్మ తిట్లు, "ఒరేయ్, నా కోడికూర కింద ఆ సీసం కంపేంట్రా, అప్రాచ్యుడా" అని. కాలగానే తెచ్చి అతికించా. దొమితీల అక్క పికప్పు లోపల పెట్టుకుంది, మరలు బిగించింది, మామూలుకన్నా ఇంకా రెండు తిప్పులు కిందకే దించింది. తీగలు శృతి చేసుకుంది. వాయించింది.

ఎలా ఉందని అడుగుతావు. చెప్పలేనే. పెద్దగా లేదు. వెనకున్న వాళ్ళు ముందుకి జరగాల్సొచ్చింది. జరిగారు కూడా. కుండల దగ్గర ఆడవాళ్ళు గరిటెలు ఆపి వచ్చారు. అన్ని తీగలూ కలిసి మోగుతున్నా దేనికదే వినపడుతోంది. వరద ఏడు కట్టిన పాట అన్నానా, మా ఇల్లు మునిగింది ఆ ఏడే, నాకు ఏడుపొచ్చేసింది. పాట అయ్యాక చప్పట్లు కూడా ఆలస్యంగా వచ్చాయి.

అర్బొలేదా గారు చేతులు తుడుచుకుని లేచాడు. "బాగుందమ్మా, చాలా బాగుంది. కానీ పీలగా ఉంది. మా రికార్డులు బజార్లో నాణెం వేస్తే పాడే పెట్టెల్లో మోగాలి, ఆ గోలలో ఇది ఎవరికి వినపడుతుంది? ఇందాక మొదట వచ్చిందే, ఆ మోత కావాలి నాకు" అన్నాడు. దొమితీల అక్క అంది, "అయితే బజార్నే కాసేపు నోరు మూసుకోమనండి సార్" అని. అందరూ గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. రోసెందో ఒక్క గెంతు గెంతాడు, "అబ్దియాసు రేపు బాగుచేసేస్తాడు సార్, ఇందాకటి మోతే ఉంటుంది, నాది పూచీ. చూడు దొమితీలా, ఆ వైరు మళ్ళీ చుట్టించుకుంటావా, బ్యాండు దిగిపోతావా, ఇక్కడే తేల్చు" అన్నాడు. ఆ పాట రికార్డెక్కాలని ఎంత కోరుకుందో నాకు తెలుసు. ఆవిడ స్పీకరు పెట్టె నుంచి గిటారు కేబులు పీకేసింది. "దిగిపోతా. పాట ఎక్కితే నా గొంతుతో ఎక్కాలి. వేరే గొంతుతో అయితే అది నా పాట కాదు, మీరే ఉంచుకోండి" అంది.

రోసెందో ఊరుకున్నాడా? జనం వైపు తిరిగి, "చూశారా, తన గిటారు తనే చెడగొట్టుకుని, మా అందరి నోటి దగ్గర కూడు లాగేసింది. కావాలంటే అబ్దియాసుని అడగండి, మొన్న బాగుచేసింది వాడే" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆవిడా తిరిగింది. "నేను తుప్పు తుడిచానంతే" అన్నా. అన్నానే అమ్మాయ్. ఈ నోటితోనే. ఒళ్ళో ఎర్ర వైరు కుప్పంతా ఉంది ఆవిడకి, అందరికీ ఎత్తి చూపించి ఇది అబ్దియాసుదే అంటే నా పని అయిపోయేది. చూపించలేదు. ఆ వైరంతా ఉండలా చుట్టి, వేదిక దిగి వచ్చి, నా చొక్కా జేబులో కుక్కి, "ఇది నీది" అంది. జనం అదీ నవ్వులాట అనుకుని నవ్వారు. గిటారు భుజాన వేసుకుని పడవెక్కేసింది.

నేను లీమా వెళ్ళానా లేదా అని అడగవేం? వెళ్ళా. సిగ్గులేకుండా వెళ్ళా. స్టూడియో చూశా. ఎవరో కిరాయి గిటారు వాడు ఆవిడ పాట వాయించాడు, నేనే బలంగా చుట్టిచ్చిన పికప్పు మీద. బురద. రికార్డు వెనక పాట కట్టినది రోసెందో అని వేశారు. అమ్ముడుపోయింది కూడా, ఏడాది మోగింది, తర్వాత ఎవరికీ గుర్తులేదు. ఆవిడ నది దిగువ ఊళ్ళకి పోయింది. కొంతమానా వైపు, పెళ్ళిళ్ళకీ పండగలకీ, కారు బ్యాటరీ మీద నడిచే చిన్న స్పీకరు పెట్టెతో వాయించేదట. ఎక్కడా రికార్డు లేదు, టేపు లేదు. ఇక్కడేమో ఊరంతా అదే అనుకుంది, పొగరెక్కి గిటారు పీకేసుకున్న పిచ్చిది అని. నా కొట్టు ముందు నించునే అనేవాళ్ళు. నేను తల దించుకుని రేడియో విప్పుకునేవాణ్ణి. ఒక్కసారి, ఒక్కడితో, కాదురా అది నా పని అని చెప్పలేదు. నీకే మొదటిసారి. వెళ్ళి అందరికీ చెప్పు, నాకేం. ఇప్పుడొచ్చి ఎవడేం పీకుతాడు. మీ కుర్రాళ్ళకీ చెప్పు, బలమైనది కొనమన్నవాణ్ణి నా దగ్గరికి తీసుకురా, నేను మాట్లాడతా. తక్కువ చుట్లున్నది కొను, నీరసపు అయస్కాంతం కొను, కిందకి దించి బిగించు. మోత చాలకపోతే జనాన్నే దగ్గరికి రమ్మను. వస్తారు. నేను చూశా.

ఏడేళ్ళ తర్వాత ఒకసారి వచ్చిందే ఆవిడ. మరుసటేడే మలేరియా వచ్చి పోయింది, కబురు కూడా నెలకి గానీ తెలియలేదు. ఆ వచ్చిన రోజు ఒక రేడియో పట్టుకుని సరాసరి కొట్లోకి, నిన్నో మొన్నో వచ్చినట్టు. చిక్కి సగమైంది. రేడియో చూశా, ఏం లేదు, లోపల ఒక వైరు ఊడింది, అతికించా. ఇక ఉండబట్టలేక అడిగేశా. అక్కా, ఆవేళ నా పేరు ఎందుకు చెప్పలేదు, జాలిపడ్డావా అన్నా. నవ్వింది. "నీ మీద జాలా? నీ పేరు చెప్పుంటే ఊళ్ళో ఏమనేవాళ్ళు? పాపం దొమితీల, అబ్దియాసు ముంచేశాడు అనేవాళ్ళు. నన్నెవడు ముంచుతాడ్రా? నేనే ఒద్దన్నా, నేనే దిగిపోయా. ఆ మాట నాకే ఉండాలని నీ పేరు చెప్పలేదు. నాకు కావలసిన గొంతు నాకుంది. ఆ రికార్డూ, లీమా అన్నీ మీకే వచ్చాయి కదా, మరి నీకేముందీ ఇప్పుడు?" అంది.

అని రేడియో చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది... అంతే, మళ్ళీ చూడలేదు.

వాన పట్టేసేలా ఉందే. తర్వాత ఇంటికెళ్ళడానికి మోటోకారు ఒక్కటీ దొరకదు. లే, లే, వెళ్ళు.